ఎగువన మురుగు.. దిగువన మంచినీరు

డెల్టా పట్టణాల వ్యర్థజలాలు చేరేదెక్కడికి? శుద్ధి చేయకుంటే నష్టపోయేదెవరు?

రాజమహేంద్రవరం: గోదావరి డెల్టాలో ఏ పట్టణపు మురుగూ ఆ పట్టణంతో ఆగదు. ఒక ఊరి మురుగుకాలువ దిగువ ఊరి పంటకాలువను తాకుతుంది. పంటకాలువ మంచినీటి చెరువును నింపుతుంది. చెరువు తప్పించుకున్న నీరు డ్రెయిన్ల మీదుగా ఉప్పుటేరు చేరి, మడ అడవులను దాటి సముద్రంలో కలుస్తుంది. వాలు తక్కువైన నేల, ఊరూరా అల్లుకున్న కాలువలు, రోజుకు రెండుసార్లు ఎగదన్నే సముద్రపు పోటు కారణంగా ఇక్కడ మురుగు త్వరగా వెళ్లిపోదు. అందువల్ల పట్టణ మురుగునీటి శుద్ధి డెల్టాలో కేవలం పారిశుద్ధ్య సమస్య కాదు. అది తాగునీటికి, చేపల వేటకు, తీర రక్షణకు సంబంధించిన ప్రశ్న.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగాక ఉభయ గోదావరి జిల్లాల ప్రాంతం పలు జిల్లాలుగా విడిపోయింది. రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం, ఏలూరు వేర్వేరు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. పాలన విడిపోయినా నీరు మాత్రం పాత దారినే పారుతోంది. ఎగువ జిల్లాలో వదిలిన మురుగుకు దిగువ జిల్లా వాసులు మూల్యం చెల్లించే పరిస్థితి మారలేదు.

కాలువల పుట్టుక వద్దే నగరం

1847లో సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. తర్వాతి కాలంలో దాని స్థానంలో 175 గేట్లతో బ్యారేజీ వచ్చింది. ధవళేశ్వరం వైపు నుంచి తూర్పు డెల్టా, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టా, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టా కాలువలు బయలుదేరి సుమారు 10 లక్షల ఎకరాలకు నీరందిస్తున్నాయి.

రాజమహేంద్రవరం ఈ బ్యారేజీకి కొద్ది కిలోమీటర్ల ఎగువన, నదికి ఎడమ గట్టున ఉంది. ఎదురుగా కుడి గట్టున కొవ్వూరు పట్టణం ఉంది. రెండు గట్ల నుంచి నదిలో చేరిన వ్యర్థాలు ముందుగా వెళ్లేది బ్యారేజీ వెనుక నిలిచే నీటిలోకే. మూడు డెల్టాల కాలువలకు నీరు తీసుకునేదీ అక్కడి నుంచే. కాబట్టి నగరపు మురుగు నేరుగా సముద్రానికి పోతుందనుకోవడం పొరపాటు. పంట ఉన్న రోజుల్లో అందులో కొంత భాగం కాలువలెక్కి కోనసీమ, కాకినాడ, భీమవరం, నరసాపురం దారి పడుతుంది.

డెల్టాలో తాగునీటికి ప్రధాన ఆధారం కాలువలే. తీర మండలాల్లో భూగర్భ జలం ఉప్పు. బోరు వేసినా తాగేందుకు పనికిరాదు. ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలువలను మూసివేస్తారు. అంతకుముందే ఊళ్లలోని మంచినీటి చెరువులను, వేసవి నిల్వ చెరువులను కాలువ నీటితో నింపుకొంటారు. మళ్లీ కాలువలు వదిలేదాకా ఆ నీరే దిక్కు. కాకినాడ నగరం కూడా గోదావరి కాలువ నీటినే శుద్ధి చేసుకుని తాగుతోంది. కాలువ చివరి ఊరికి చేరేసరికి నీటిలో దారి పొడవునా కలిసిన ఇళ్ల మురుగు, చెత్త, చేపల చెరువుల నీరు కూడా ఉంటాయి.

మురుగులో ఏముంటుంది?

ఇళ్ల నుంచి వచ్చే మురుగులో నూటికి 99 పాళ్లకు పైగా నీరే. మిగిలిన కొద్ది భాగంలో మలం, సబ్బు, నూనె, ఆహార వ్యర్థాలు, ఇసుక ఉంటాయి. హాని అంతా ఈ కొద్ది భాగంతోనే.

మొదటి హాని వ్యాధులు. మలంలోని సూక్ష్మజీవులు కలరా, టైఫాయిడ్, కామెర్లు, అతిసార వ్యాధులకు కారణమవుతాయి. నీటిలో మలం కలిసిందా లేదా అన్నది తెలుసుకోవడానికి ప్రయోగశాలల్లో కోలిఫాం బ్యాక్టీరియాను లెక్కిస్తారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణాల ప్రకారం నదీ స్నానానికి వాడే 100 మిల్లీలీటర్ల నీటిలో మల కోలిఫాం 500 లోపు ఉండటం వాంఛనీయం. ఎట్టి పరిస్థితిలోనూ 2,500 మించరాదు.

రెండోది ప్రాణవాయువు లోపం. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని బ్యాక్టీరియా తినే క్రమంలో నీటిలో కరిగిన ఆక్సిజన్ ఖర్చవుతుంది. ఎంత ఆక్సిజన్ అవసరమవుతుందో చెప్పే కొలతే బీఓడీ. స్నానానికి వాడే నది నీటిలో బీఓడీ లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదు. కరిగిన ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. నీరు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ నిలుపుకొనే శక్తి తగ్గుతుంది. 30 డిగ్రీల వేడిలో మంచినీరు లీటరుకు సుమారు ఏడున్నర మిల్లీగ్రాములు, సముద్రపు నీరు ఆరు మిల్లీగ్రాముల పైచిలుకు మాత్రమే నిలుపుకోగలవు. అంటే వేసవిలో కాలువకు, ఉప్పుటేరుకు మిగిలే వెసులుబాటు చాలా స్వల్పం. కొద్దిపాటి మురుగు ఎక్కువైనా తెల్లవారేసరికి చేపలు నోళ్లు తెరిచి పైకి తేలతాయి.

మూడోది నత్రజని, భాస్వరం. పొలంలో ఎరువుగా పనికొచ్చే ఈ పోషకాలు కాలువలో గుర్రపుడెక్కను, నాచును పెంచుతాయి. డెక్క దట్టంగా అల్లుకుంటే ప్రవాహం మందగిస్తుంది. పూడిక పెరుగుతుంది. వర్షాకాలంలో డ్రెయిన్లు పొంగి వరిచేలు మునగడానికి ఇదీ ఒక కారణం. ఏటా డెక్క తొలగింపునకు పెట్టే ఖర్చులో కొంత భాగం నిజానికి మురుగు శుద్ధి చేయనందుకు కడుతున్న జరిమానాయే.

లెక్క చెప్పే నిజం

గంగా కార్యాచరణ ప్రణాళిక అనుభవంతో కేంద్ర ప్రభుత్వం 1995లో జాతీయ నదీ పరిరక్షణ ప్రణాళికను చేపట్టింది. గోదావరి తీరాన ఉన్న రాజమండ్రి అందులో చేరింది. ఆ పథకం కింద హుకుంపేటలో రోజుకు 3 కోట్ల లీటర్ల సామర్థ్యంతో మురుగునీటి శుద్ధి కేంద్రం ఏర్పడింది. నల్లా ఛానల్, ఆవ ఛానల్ నగర మురుగును మోసే పెద్ద కాలువలు.

2011 జనాభా లెక్కల ప్రకారం రాజమండ్రి నగర జనాభా సుమారు 3.4 లక్షలు. పట్టణ నీటి సరఫరాకు దేశంలో అనుసరించే ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. వాడిన నీటిలో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని ఇంజినీర్లు లెక్కిస్తారు. ఈ లెక్కన నగరంలో రోజుకు 3.6 కోట్ల లీటర్లకు పైగా మురుగు తయారవుతుంది. చుట్టుపక్కల కలిసిపోయిన ఊళ్లతో కూడిన పట్టణ సముదాయపు జనాభా అప్పటికే 4.76 లక్షలు దాటింది. వారందరినీ కలిపితే మురుగు 5 కోట్ల లీటర్లు దాటుతుంది. అంటే 2011 నాటి జనాభాకే 3 కోట్ల లీటర్ల కేంద్రం చాలదు. ఆ తర్వాత నగరం విస్తరిస్తూనే ఉంది. సామర్థ్యం పెంచే ప్రతిపాదనలు తర్వాతి ఏళ్లలో ముందుకు వచ్చాయి.

శుద్ధి చేయడానికీ, చేయకపోవడానికీ గల తేడాను డెల్టా రైతుకు అలవాటైన క్యూసెక్కుల్లో చెప్పుకోవచ్చు. పచ్చి మురుగులో బీఓడీ లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఉంటుందనుకుందాం. నదిలో అప్పటికే 1 మిల్లీగ్రాము ఉందనుకుందాం. కలిసిన నీరు స్నానానికి తగిన 3 మిల్లీగ్రాముల హద్దులో ఉండాలంటే ఒక లీటరు మురుగుకు దాదాపు వంద లీటర్ల నది నీరు కావాలి. నగరపు 3.6 కోట్ల లీటర్ల మురుగూ పచ్చిగా కలిస్తే దాన్ని పలుచన చేయడానికే సుమారు 1,500 క్యూసెక్కుల ప్రవాహం అవసరం. అదే మురుగును 10 మిల్లీగ్రాముల స్థాయికి శుద్ధి చేసి వదిలితే 50 క్యూసెక్కులు సరిపోతాయి.

వరద రోజుల్లో గోదావరికి లక్షల క్యూసెక్కులు లెక్కలోనివి కావు. మురుగు కలిసినా జాడ తెలియదు. రబీలో మాత్రం ప్రతి క్యూసెక్కుకూ వంతులు వేసుకునే పరిస్థితి. ఆ రోజుల్లో మురుగును పలుచన చేసేందుకు నీరు వదలగలిగే స్థితి ఎవరికీ ఉండదు. పైగా బ్యాక్టీరియా లెక్క వేరు. బీఓడీ హద్దులో ఉన్న నీటిలోనూ కోలిఫాం ప్రమాదకర స్థాయిలో ఉండవచ్చు.

గోదావరి నదికి సంబంధించి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో ప్రకటించిన 351 కలుషిత నదీ భాగాల జాబితా గమనించదగినది. అందులో రాష్ట్రం నుంచి ఐదు భాగాలున్నాయి. రాయనపేట నుంచి రాజమండ్రి వరకు ఉన్న గోదావరి భాగం వాటిలో ఒకటి. తీవ్రతను బట్టి వేసిన ఐదు తరగతుల్లో ఇది చివరిదైన ఐదో తరగతిలో ఉంది. అంటే పరిస్థితి చేయిదాటలేదు. తక్కువ ఖర్చుతో బాగుచేసుకోగల దశ ఇదే.

శుద్ధి జరిగే తీరు

మురుగునీటి శుద్ధి మూడు అంచెల్లో సాగుతుంది. మొదటి అంచెలో జల్లెడల ద్వారా ప్లాస్టిక్, గుడ్డపేలికలు, చెత్త తీసివేస్తారు. ఇసుకను దించుతారు. తొట్టెల్లో నిలిపి బరువైన మడ్డిని అడుగుకు చేరుస్తారు. రెండో అంచె అసలు శుద్ధి. ఇక్కడ పనిచేసేది బ్యాక్టీరియాయే. నదిలో ఆక్సిజన్‌ను హరించే పనిని అవి తొట్టెలోనే ముగించేలా చేయడమే ఇందులోని కిటుకు. గాలి ఊదే యంత్రాలతో కొన్ని పద్ధతులు, గాలి అవసరంలేని బ్యాక్టీరియాతో మరికొన్ని పద్ధతులు ఉన్నాయి. ఎండ, నాచు సాయంతో వెడల్పాటి చెరువుల్లో శుద్ధి చేసే పద్ధతికి కరెంటు ఖర్చు తక్కువ. స్థలం ఎక్కువ కావాలి. ఎకరా ధర కోట్లలో పలికే డెల్టాలో అదే పెద్ద అడ్డంకి. మూడో అంచెలో వడపోసి, క్లోరిన్‌తో లేదా అతినీలలోహిత కిరణాలతో సూక్ష్మజీవులను చంపుతారు. నత్రజని, భాస్వరం తొలగించే ఏర్పాట్లూ ఉంటాయి.

డెల్టాకు సంబంధించినంతవరకు మూడో అంచె ఐచ్ఛికం కాదు. శుద్ధి చేసిన నీరు చేరే కాలువలో దిగువన మంచినీటి చెరువులున్నప్పుడు రెండో అంచెతో సరిపెట్టుకోవడం ప్రమాదం. బీఓడీ తగ్గినంత మాత్రాన టైఫాయిడ్ క్రిమి చావదు.

కేంద్రం కట్టినంత మాత్రాన పని పూర్తికాదు. మురుగు అక్కడికి చేరాలి. డెల్టా పట్టణాల్లో చాలా ఇళ్లకు భూగర్భ డ్రైనేజీ లేదు. వీధి పక్కన తెరిచి ఉన్న డ్రెయిన్లే ఆధారం. వాటిలో వాననీరు, మురుగు, చెత్త కలిసే పారతాయి. వర్షం వస్తే శుద్ధి కేంద్రం సామర్థ్యానికి అనేక రెట్ల నీరు ఒక్కసారిగా వచ్చిపడుతుంది. అప్పుడు అదనపు నీటిని శుద్ధి లేకుండానే వదిలేయక తప్పదు. భూగర్భ పైపులు వేయడమూ సులువు కాదు. కొద్ది అడుగులు తవ్వగానే నీరు ఊరుతుంది. వాలు లేనందున ప్రతి కొద్ది దూరానికీ పంపింగ్ కేంద్రం కావాలి. పంపు ఆగితే వీధిలో మురుగు పైకి వస్తుంది. నిర్మాణానికి నిధులు ఇచ్చే పథకాలు దొరుకుతాయి గానీ, తర్వాత ఏటేటా కరెంటు బిల్లు, మరమ్మతులు, సిబ్బంది జీతాలు మోయాల్సింది పురపాలక సంస్థే.

కోరింగకు చేరే కానుక

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. గౌతమి ఒడ్డున యానాం దాటాక కోరింగ మడ అడవులు మొదలవుతాయి. 1978లో ఇక్కడ 235.7 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం ఏర్పాటైంది. తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల వంటి చెట్ల వేళ్ల మధ్య రొయ్య పిల్లలు, పీతలు, చేప పిల్లలు పెరుగుతాయి. బావురుపిల్లికి ఇది ఆవాసం. సముద్రంలో వలకు చిక్కే రొయ్యలో, చేపలో చాలా భాగం చిన్నతనంలో ఈ బురదలో తలదాచుకున్నవే.

మడ అడవి కొంత మురుగును తనలో ఇముడ్చుకుంటుంది. నత్రజని, భాస్వరాన్ని చెట్లు వాడుకుంటాయి. మడ్డి వేళ్ల మధ్య దిగుతుంది. ఈ గుణాన్ని చూసి అడవే శుద్ధి కేంద్రమని భరోసా పడటం సరికాదు. మోతాదు మించితే అడుగు బురదలో ఆక్సిజన్ అడుగంటుతుంది. అక్కడ ఉండే పురుగులు, పీతలు, గుల్లలు నశిస్తాయి. చేపపిల్లల ఆహారం పోతుంది. చెట్టు పచ్చగానే కనిపించినా దాని నీడలోని సంతతి తగ్గిపోతుంది. నష్టం తెలిసేది వేటకు వెళ్లిన పడవ ఖాళీగా తిరిగివచ్చిన నాడే.

కోరింగకు ఉత్తరాన కాకినాడ అఖాతం ఉంది. హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ అడ్డుగా ఉండటంతో అలల తాకిడి తక్కువ. అందుకే అది ఓడలకు, పడవలకు ఆశ్రయమైంది. అదే కారణంగా అందులో చేరిన మురుగు త్వరగా బయటి సముద్రంలోకి వెళ్లదు. లోతు తక్కువ కావడంతో పలుచన కూడా తక్కువే. కాకినాడ నగర డ్రెయిన్ల నీరు ఉప్పుటేరు మీదుగా ఈ అఖాతానికే చేరుతుంది. ఎగువ మాగాణి నీటిని మోసుకొచ్చే తుల్యభాగ డ్రెయిన్ దారీ ఇటే.

అఖాతంలో గుల్లలు, ఆల్చిప్పలు ఏరుకుని బతికే కుటుంబాలున్నాయి. ఆల్చిప్ప నీటిని వడపోసి తన ఆహారం తీసుకుంటుంది. నీటిలోని క్రిములనూ లోపల పోగుచేసుకుంటుంది. అందుకే గుల్లలు పెరిగే చోట్లు, ఉప్పుమడులు, పర్యావరణపరంగా సున్నితమైన తీర జలాలను కేంద్ర ప్రమాణాల్లో మొదటి తరగతిలో ఉంచారు. అక్కడ కరిగిన ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గరాదు. స్నానాలకు వాడే తీరంలో 100 మిల్లీలీటర్లకు మల కోలిఫాం 100 మించరాదు. నదీ స్నానపు వాంఛనీయ హద్దుకంటే ఇది ఐదు రెట్లు కఠినం.

వర్షాకాలంలో సముద్రం నుంచి గోదావరికి ఎదురీది వచ్చే పులస కూడా ఈ దారినే వస్తుంది. గుడ్లు పెట్టడానికి అది ఎక్కే ప్రతి పాయా పట్టణ మురుగు దిగే పాయే.

పశ్చిమాన యనమదుర్రు, కొల్లేరు

పశ్చిమ డెల్టాలో సమస్య మరో రూపంలో ఉంది. ఎర్రకాలువ నీరు నందమూరు అక్విడక్టు దాటాక యనమదుర్రు డ్రెయిన్‌గా సాగి, భీమవరం మీదుగా సముద్రం వైపు వెళ్తుంది. మాగాణి ముంపు నీటిని దించడానికి ఉద్దేశించిన ఈ డ్రెయిన్ పట్టణాల మురుగుతో, పరిశ్రమల వ్యర్థాలతో, చేపల, రొయ్యల చెరువుల నీటితో నిండిపోతోంది. వర్షం లేని రోజుల్లో నల్లగా నిలిచి దుర్గంధం వెదజల్లుతుంది.

ఏలూరు మురుగు కొల్లేరు చేరుతుంది. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002 ఆగస్టు 19న అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సార్ జాబితాలో చేర్చారు. సరస్సు నుంచి నీరు సముద్రానికి పోయే ఏకైక దారి ఉప్పుటేరు. అది పూడితే, గుర్రపుడెక్కతో మూసుకుపోతే ఎగువన ముంపు. వేసవిలో సముద్రపు నీరు ఎగదన్నితే సరస్సులో ఉప్పు. మురుగు పూడికను, డెక్కను రెండింటినీ పెంచుతుంది.

అదే 2002 ఆగస్టు 19న రామ్‌సార్ జాబితాలో చేరిన మరో చిత్తడి నేల తూర్పు కోల్‌కతాలో ఉంది. అక్కడి మత్స్యకారులు నగర మురుగును లోతు తక్కువ చెరువుల్లో రోజుల తరబడి ఎండకు నిలిపి, నాచు పెరిగాక చేపలకు ఆహారంగా మారుస్తారు. మురుగు ఎంత వదలాలి, ఎన్నాళ్లు నిలపాలి అన్నది వారి తరతరాల అనుభవం. కొల్లేరు, ఆ చెరువులు రెండూ మురుగు అందుకునేవే. ఒకచోట అది అదుపులో ఉండి జీవనాధారమైంది. మరోచోట అదుపులేక భారమైంది.

కోనసీమలో సముద్రపు పోటు ఏం చేయగలదో శంకరగుప్తం డ్రెయిన్ చూపించింది. ఉప్పునీరు ఎగదన్ని రాజోలు ప్రాంతంలో కొబ్బరి తోటలు దెబ్బతిన్నాయి. ఉప్పును వెనక్కి తెచ్చే పోటు, డ్రెయిన్‌లోని మురుగునూ వెనక్కి తెస్తుంది. సముద్రంలోకి వదిలేశామన్న నిశ్చింత తీర గ్రామాలకు ఉండదు.

సెప్టిక్ ట్యాంకు సంగతి

భూగర్భ డ్రైనేజీ లేని ఊళ్లలో సెప్టిక్ ట్యాంకే దిక్కు. 2014 తర్వాత స్వచ్ఛభారత్ కింద ఇంటింటికీ మరుగుదొడ్లు పెరిగాయి. మంచిదే. గుంటలో చేరిన మడ్డి ఎక్కడికి పోవాలన్నది ఆ తర్వాతి ప్రశ్న. ట్యాంకును రెండు మూడేళ్లకోసారి తోడించాలి. చాలామంది నిండి పొంగేదాకా పట్టించుకోరు. తోడిన ట్యాంకర్ ఆ మడ్డిని రాత్రివేళ డ్రెయిన్‌లోనో, బీడులోనో వదిలితే ఇంటింటా కట్టిన మరుగుదొడ్డి ప్రయోజనం నీటిపాలవుతుంది. ఒక ట్యాంకర్ మడ్డి అదే పరిమాణంలోని మురుగునీటి కంటే ఎన్నో రెట్లు చిక్కన.

దీనికి పరిష్కారం మల వ్యర్థాల శుద్ధి కేంద్రం. నరసాపురం ఈ దారి పట్టిన పట్టణాల్లో ఒకటి. ట్యాంకర్లు తెచ్చిన మడ్డిని అక్కడ నీరు వేరుచేసి, ఆరబెట్టి, వేడితో క్రిమిరహితం చేస్తారు. భారీ పైపులైన్లకు నిధులు లేని చిన్న పట్టణాలకు ఇది అందుబాటులో ఉన్న మొదటి మెట్టు.

ట్యాంకుల్లోకి, మ్యాన్‌హోళ్లలోకి మనుషులను దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. లోపలి విషవాయువు క్షణాల్లో స్పృహ తప్పిస్తుంది. కాపాడేందుకు దిగిన రెండో మనిషీ ప్రాణం పోగొట్టుకుంటాడు. మృతుల కుటుంబాలకు రూ.10 లక్షల పరిహారం ఇవ్వాలని 2014లో ఆదేశించిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో దాన్ని రూ.30 లక్షలకు పెంచింది. యంత్రంతో తోడించడం ఇంటి యజమాని బాధ్యత కూడా.

గడువులు దాటిన చట్టాలు

చట్టాలకు కొదవలేదు. జల కాలుష్య నివారణ చట్టం 1974లో వచ్చింది. 1991 ఫిబ్రవరిలో వెలువడిన తీరప్రాంత నియంత్రణ ప్రకటన పట్టణాల నుంచి శుద్ధి చేయని వ్యర్థాలను తీర జలాల్లోకి వదలడాన్ని నిషేధించి, ఉన్న పద్ధతిని మూడేళ్లకు మించకుండా మాన్పించాలంది. 2011 నాటి ప్రకటన మళ్లీ రెండేళ్లు గడువిచ్చింది. 2017 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు మురుగు శుద్ధి కేంద్రాలకు మూడేళ్ల గడువు పెట్టింది. 2019లో జాతీయ హరిత న్యాయస్థానం శుద్ధి చేయని ప్రతి కాలువకు నెలకు రూ.5 లక్షల చొప్పున పర్యావరణ పరిహారం విధించేలా ఆదేశాలిచ్చింది. మొదటి గడువు 1994లోనే ముగిసింది.

ఇన్ని గడువుల తర్వాత చేరుకున్న స్థితిని 2021లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రచురించిన నివేదిక వెల్లడించింది. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో రోజుకు 288 కోట్ల లీటర్ల మురుగు తయారవుతుండగా, ఏర్పాటైన శుద్ధి సామర్థ్యం 83 కోట్ల లీటర్లు. వాస్తవంగా శుద్ధి అవుతున్నది 31 కోట్ల లీటర్ల లోపే. అంటే ప్రతి తొమ్మిది లీటర్లలో శుద్ధి అయ్యేది ఒక్క లీటరు. కట్టిన కేంద్రాలు సైతం పూర్తిగా పనిచేయడం లేదన్న సంగతి ఈ అంకెల్లోనే ఉంది.

చేయదగినవి

డెల్టాకు నప్పే క్రమం ఒకటి ఈ వివరాల నుంచే తేలుతుంది. తాగునీటి కాలువలో నేరుగా కలుస్తున్న ప్రతి మురుగు తూమునూ ముందుగా గుర్తించి మళ్లించాలి. శుద్ధి కేంద్రం కట్టడానికి ఏళ్లు పట్టవచ్చు గానీ, తూము మళ్లించడానికి నెలలు చాలు. ఆ తర్వాత ఉన్న కేంద్రాలను పూర్తి సామర్థ్యంతో నడపాలి. క్రిమి సంహారం చేసే మూడో అంచెను తప్పనిసరి చేయాలి. చిన్న పట్టణాల్లో సెప్టిక్ ట్యాంకర్లకు నమోదు, మడ్డి దింపేందుకు నిర్దిష్ట స్థలం చూపాలి.

శుద్ధి చేసిన నీటికి కొనుగోలుదారు దొరికితే నిర్వహణ భారం తగ్గుతుంది. చెన్నై నగరంలో కోయంబేడు, కొడుంగయ్యూరు కేంద్రాలు రోజుకు నాలుగున్నర కోట్ల లీటర్ల చొప్పున మురుగును అత్యున్నత స్థాయికి శుద్ధి చేసి పరిశ్రమలకు అందిస్తున్నాయి. ఎరువుల కర్మాగారాలు, నూనె శుద్ధి పరిశ్రమలు ఉన్న కాకినాడకు ఈ మార్గం అందనిదేమీ కాదు. పరిశ్రమ వాడుకున్న ప్రతి లీటరు శుద్ధ జలానికి ఒక లీటరు కాలువ నీరు తాగడానికి మిగులుతుంది.

నీటి పరీక్షల ఫలితాలు ప్రజలకు తెలియాలి. కాలువ మూసే ముందు మంచినీటి చెరువు నింపేటప్పుడు ఆ నీటిలో కోలిఫాం ఎంతో పంచాయతీ నోటీసు బోర్డు మీద రాసిపెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. పరీక్ష బాగులేకుంటే నింపడం రెండు రోజులు ఆపి, కాలువలో శుభ్రమైన నీరు వచ్చాక తూము తెరవవచ్చు. పురపాలక సంఘం, జలవనరుల శాఖ, గ్రామీణ నీటి సరఫరా విభాగం, కాలుష్య నియంత్రణ మండలి ఒకే కాలువ మీద వేర్వేరు దస్త్రాలు నడుపుతున్నంత కాలం ఈ చిన్న పని కూడా జరగదు.

2003, 2015 పుష్కరాల తర్వాత 2027 పుష్కరాల వంతు. స్నానఘట్టాల కోసం పన్నెండు రోజుల పాటు నదిని శుభ్రంగా ఉంచే ఏర్పాట్లు ప్రతిసారీ జరుగుతాయి. ఆ ఏర్పాట్లలో ఏవి శాశ్వతంగా నిలుస్తాయన్నదే డెల్టాకు ముఖ్యం. పుష్కర యాత్రికుడు నదిలో మునిగేది ఒక్కపూట. కాలువ చివరి గ్రామం అదే నీటిని ఏడాది పొడవునా తాగుతుంది.